ల్యాబ్ నుంచి వార్డుకు: వైద్య పరికరాల బదిలీపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజినీరింగ్ కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో పరికరం తయారుచేసి దాన్ని ఆస్పత్రి దాకా తీసుకెళ్లాలనుకునే అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు, వాళ్లతో కలిసి పనిచేసే వైద్యులు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఇక్కడి సమాధానాలు భారతదేశంలోని పద్ధతికి, అదీ వైద్య పరికరాలకు, రోగనిర్ధారణ సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే వర్తిస్తాయి. మందులది, టీకాలది వేరే దారి.

మా ప్రోటోటైప్ బాగా పనిచేస్తోంది. తెలిసిన డాక్టరు గారు తన వార్డులో వాడి చూస్తానంటున్నారు. ఇవ్వొచ్చా?

చూపించడానికి ఇవ్వొచ్చు. రోగికి తగిలించడానికి మాత్రం ఇవ్వకూడదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం పరిధిలోకి వచ్చాయి. వాటికి వర్తించేవి 2017 నాటి వైద్య పరికరాల నియమాలు. రోగుల మీద పరీక్షించడానికి పది పీసులు చేసుకోవాలన్నా ఎండీ-12 ఫారంతో దరఖాస్తు పెట్టి ఎండీ-13 టెస్ట్ లైసెన్సు తీసుకోవాలి. ఆ లైసెన్సు గడువు మూడేళ్లు. దాంతోపాటు ఎథిక్స్ కమిటీ (మనుషుల మీద చేసే పరిశోధన సబబేనా అని చూసే సంఘం) అనుమతి ఉండాలి. డాక్టరు గారు సరేనన్నా, సూపరింటెండెంట్ గారు సంతకం పెట్టినా అవి ఈ రెండింటికీ బదులు కావు.

చట్టం మాట అటుంచినా ఇందులో నష్టమే ఉంది. అనుమతి లేకుండా సేకరించిన రీడింగులు ఎన్ని వందలున్నా తర్వాత లైసెన్సు దరఖాస్తులో పనికిరావు, పేరున్న జర్నల్ ఏదీ వాటిని తీసుకోదు. అంటే ఆ పనంతా మళ్లీ చేయాల్సిందే.

ఈలోగా చేసుకోగలిగింది చాలానే ఉంది. ఈసీజీ సిమ్యులేటర్ల మీద, మానెకిన్ మీద ఎన్నిసార్లైనా నడపొచ్చు. ఇద్దరు ముగ్గురు స్టాఫ్ నర్సుల చేతికి పరికరాన్నిచ్చి, మీరు నోరు మెదపకుండా పక్కన నిలబడి, వాళ్లు దాన్ని ఆన్ చేసి సిద్ధం చేయడానికి ఎంతసేపు పట్టిందో, ఏ బటన్ దగ్గర తడబడ్డారో రాసుకోవచ్చు. ఆ గంటసేపట్లో తెలిసేది ల్యాబ్‌లో నెలలు కూర్చున్నా తెలియదు.

మాది వైద్య పరికరం కిందికి వస్తుందా? ఏ క్లాసు అవుతుంది?

దీన్ని తేల్చేది లోపలి సర్క్యూట్ కాదు, పరికరం దేనికోసమో మీరు రాసుకునే ఒక్క వాక్యం. మణికట్టు మీది సెన్సర్‌నే తీసుకోండి. 'వ్యాయామం చేసేటప్పుడు నాడి వేగం చూసుకోవడానికి' అని రాస్తే ఒక మాట. 'ఆపరేషన్ తర్వాత రోగి ఆక్సిజన్ పడిపోతే అలారం మోగించడానికి' అని రాస్తే అది వైద్య పరికరమే, క్లాసూ పెరుగుతుంది.

ప్రమాద స్థాయిని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు క్లాసులు. మామూలు స్టెతస్కోపు ఎ లోకి, ఇంజెక్షన్ సూది బి లోకి, వెంటిలేటర్ సి లోకి, గుండె కవాటం, స్టెంట్ లాంటివి డి లోకి వస్తాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ తన వెబ్‌సైట్‌లో విభాగాలవారీగా జాబితాలు పెట్టింది. ముందు అక్కడ మీ పరికరానికి దగ్గరగా ఉన్న పేరు వెతకండి. వాక్యాన్ని ఎంత గొప్పగా రాస్తే అంత గొప్పగా రుజువు చేయాల్సి వస్తుంది కాబట్టి, మొదటి ఉత్పత్తికి చేయగలిగినంత చిన్న వాదననే ఎంచుకోవడం తెలివైన పని. 'నిర్ధారిస్తుంది' అనే చోట 'వైద్యుడు చూడాల్సిన వాళ్లను వడపోస్తుంది' అని రాస్తే పరీక్షల బరువు మారిపోతుంది.

ముందు పేపరా, పేటెంటా?

పేటెంటే. కాన్ఫరెన్స్ పోస్టరైనా, ఆన్‌లైన్‌లో పెట్టిన థీసిస్ అయినా, యూట్యూబ్ డెమో అయినా బయటికి చెప్పినట్టే లెక్క. పేటెంటు చట్టం 31వ సెక్షన్ కింద 12 నెలల వెసులుబాటు ఉందని చాలామంది ధీమాగా ఉంటారు. అది ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలు, విద్వత్సభల్లో చదివిన పత్రాలు వంటి కొద్ది సందర్భాలకే. దాని మీద ఆధారపడకండి.

ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు పెట్టిన 12 నెలల్లోగా పూర్తి వివరణ ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. విద్యాసంస్థలకు 2021 నుంచి ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది. ఫారం 28 జత చేయడం మరిచిపోయి పూర్తి ఫీజు కట్టే కాలేజీలూ ఉన్నాయి. చికిత్సా పద్ధతికి 3(ఐ) కింద, ఉత్త అల్గారిథమ్‌కు 3(కె) కింద పేటెంటు రాదు. అందుకని క్లెయిములను, అంటే దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాలను, పరికరం, దాని అమరిక, సిగ్నల్ తీసుకునే తీరు చుట్టూ రాయించండి.

ఆలోచన డాక్టరు గారిది, తయారీ విద్యార్థిది, ల్యాబ్ కాలేజీది. హక్కు ఎవరిది?

పేపర్లో పేరుండటం వేరు, ఆవిష్కర్తగా పేరుండటం వేరు. క్లెయిముల్లో ఉన్న కొత్తదనానికి బుర్ర పెట్టినవాళ్లే ఆవిష్కర్తలు. రోగులను పంపినవాళ్లు, విభాగాధిపతి హోదాలో ఉన్నవాళ్లు కారు. జీతం తీసుకునే అధ్యాపకుల విషయంలో నియామకపు షరతుల్లో ఏదో ఒక మాట ఉంటుంది. జీతం లేని బీటెక్ విద్యార్థి దగ్గర మాత్రం లిఖితపూర్వక బదలాయింపు పత్రం తీసుకోకపోతే హక్కు అతని దగ్గరే ఉండిపోతుంది. అతను విదేశం వెళ్లాక, కంపెనీ లాయరు ఆ సంతకం అడిగినప్పుడు వెతుక్కునే కంటే ప్రాజెక్టు మొదలైన వారంలోనే తీసుకోవడం నయం. డాక్టరు గారి ఆస్పత్రికీ కాలేజీకీ మధ్య ఎంఓయూలో రాబడి వాటా శాతాల్లో రాయండి. 'పరస్పర అంగీకారంతో తర్వాత నిర్ణయించబడును' అని రాసుకుంటే అది ఎప్పటికీ తేలదు.

అసలు ఏ సమస్య పట్టుకోవాలో ఎలా తెలుస్తుంది?

హైదరాబాద్‌లో జరిగిన ఒక సంగతిని అబ్దుల్ కలాం గారు తన ప్రసంగాల్లో తరచూ చెప్పేవారు. నిమ్స్ ఆర్థోపెడిక్ వైద్యుడొకరు క్షిపణుల ల్యాబ్‌కు వచ్చి, అక్కడి తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాం గారిని తన ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోల పైచిలుకు లోహపు కాలిపర్లు (కాళ్లకు ఆసరాగా కట్టేవి) ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. వాటి స్థానంలో అదే పని చేసే దాదాపు 300 గ్రాముల ఆర్థోసిస్‌లు వచ్చాయి. ఇందులో గమనించాల్సింది పదార్థం గొప్పతనం కాదు. సమస్య తెలిసిన మనిషి ల్యాబ్‌కు వచ్చాడు, పదార్థం తెలిసిన మనిషి వార్డుకు వెళ్లాడు.

వార్డుకు వెళ్లినప్పుడు ప్రొఫెసర్లతో మాట్లాడి వచ్చేయకండి. స్టాఫ్ నర్సును, స్టెరిలైజేషన్ విభాగంలో ట్రేలు సర్దే మనిషిని, బయోమెడికల్ ఇంజినీరును, స్టోర్స్ గుమస్తాను కలవండి. మంచానికి ఎన్ని ప్లగ్ పాయింట్లున్నాయి, వాటిలో ఖాళీవి ఎన్ని, కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఎంతసేపు పడుతుంది, ఇప్పుడున్న పరికరాన్ని దేనితో తుడుస్తున్నారు, రాత్రి డ్యూటీలో ఒక నర్సు ఎన్ని మంచాలు చూస్తోంది అన్నవి కళ్లతో చూసి రాసుకోండి. కరెంటు పోయి వచ్చాక పరికరం మళ్లీ మొదటి స్క్రీన్‌కు వెళ్లి రోగి పేరు అడిగితే, మూడోసారికి దాన్ని ఎవరూ ఆన్ చేయరు.

డిజైన్ ఫైలు అంటే ఏమిటి? ప్రాజెక్టు రిపోర్టు సరిపోదా?

సరిపోదు. ప్రాజెక్టులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. సైన్సు సరిగ్గానే ఉంటుంది, దాన్ని ఎలా చేశారన్న రికార్డు ఉండదు. లైసెన్సు అధికారి అడిగేది డివైస్ మాస్టర్ ఫైలు. అందులో వాడుక వాక్యం, వినియోగదారుల అవసరాలు, వాటిలో ఒక్కొక్కదానికీ కొలవగలిగే డిజైన్ లక్ష్యం, ఆ లక్ష్యం నెరవేరిందని చూపే పరీక్ష నివేదిక ఒక గొలుసుగా కనబడాలి. 'కచ్చితంగా ఉండాలి' అన్నది లక్ష్యం కాదు. '35 నుంచి 42 డిగ్రీల మధ్య 0.2 డిగ్రీలకు మించి తేడా రాకూడదు' అన్నది లక్ష్యం.

ఐఎస్‌ఓ 14971 ప్రకారం రిస్క్ ఫైలు వేరుగా ఉండాలి. ఏది ఎలా చెడిపోవచ్చు, చెడిపోతే రోగికి ఏమవుతుంది, దాన్ని డిజైన్‌తో ఆపారా, అలారంతో ఆపారా, హెచ్చరిక స్టిక్కర్‌తో సరిపెట్టారా? స్టిక్కర్ చివరి మార్గం. రిస్క్ పట్టికలో కుడివైపు గడులన్నీ 'యూజర్ మాన్యువల్‌లో హెచ్చరిక ఇవ్వబడింది' అని నింపితే ఆడిటర్ అక్కడే ఆగుతాడు.

విడిభాగాల జాబితాకు వెర్షన్ నంబరు పెట్టండి. ఎనిమిదో యూనిట్‌లో మార్కెట్‌లో దొరకలేదని వేరే కెపాసిటర్ వేసి, రాసిపెట్టకుండా వదిలేస్తే, ఏడు యూనిట్ల పరీక్ష ఫలితాలకు, ఎనిమిదో దానికి సంబంధం తెగిపోయినట్టే. నాణ్యతా వ్యవస్థకు ఐఎస్‌ఓ 13485, మన నియమాల్లోని అయిదో షెడ్యూలు ఆధారం. కాలేజీకి సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ తేదీ, సంతకం, వెర్షన్ ఉన్న రికార్డులు మొదటి రోజు నుంచి ఉంటే, తర్వాత తీసుకునే కంపెనీకి ఏడాది పని ఆదా అవుతుంది.

ఏయే పరీక్షలు చేయించాలి? ఎక్కడ తప్పుతారు?

కరెంటుతో నడిచేదైతే భద్రతా ప్రమాణం ఐఈసీ 60601-1 తప్పదు. రోగి శరీరానికి తగిలే భాగం నుంచి లీకయ్యే కరెంటు, గుండెకు నేరుగా తగలని బీఎఫ్ రకానికి మామూలు స్థితిలో 100 మైక్రోఆంపియర్లు, గుండెకు నేరుగా తగిలే సీఎఫ్ రకానికి 10 మైక్రోఆంపియర్లు దాటకూడదు. మెయిన్స్‌కూ రోగికీ మధ్య రెండు అంచెల రక్షణ ఉండాలి. 240 వోల్టుల సరఫరాలో ఆ ఇన్సులేషన్ 4,000 వోల్టుల ఏసీ పరీక్షకు నిలవాలి, బోర్డు మీద క్రీపేజ్ దూరం, అంటే ఉపరితలం వెంబడి రెండు వైపుల మధ్య ఎడం, 8 మిల్లీమీటర్లు ఉండాలి.

ల్యాబ్ ప్రోటోటైప్ ఇక్కడ తప్పడానికి మామూలు కారణం అడాప్టర్. ఆన్‌లైన్‌లో 200 రూపాయలకు కొన్న అడాప్టర్‌తో రెండేళ్లు నడిపి, పరీక్షకు ముందు మెడికల్ గ్రేడ్‌ది తెస్తారు. దాని సైజు వేరు, వేడి వేరు, రేడియో శబ్దం వేరు. దాంతో డబ్బా మారుతుంది, ఈఎంసీ (విద్యుదయస్కాంత అంతరాయాల) పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. 60601-1 సర్టిఫికెట్ ఉన్న అడాప్టర్‌ను మొదటి ప్రోటోటైప్‌కే కొనండి, సరఫరాదారు దగ్గర సర్టిఫికెట్‌తో పాటు టెస్ట్ రిపోర్టు కూడా తీసుకోండి. రెండో తప్పు యూఎస్‌బీ. పరికరం బ్యాటరీ మీదే నడుస్తోంది కదా అని, రీడింగులు తీసుకోవడానికి చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ను తగిలిస్తారు. ఆ క్షణంలో రోగి ల్యాప్‌టాప్ చార్జర్ ద్వారా మెయిన్స్‌కు కలిసిపోయినట్టే. రెండువైపులనూ విద్యుత్తుపరంగా విడదీసే ఐసొలేటర్ పెట్టండి, లేదా బ్లూటూత్ వాడండి.

శరీరానికి తగిలే పదార్థాలకు ఐఎస్‌ఓ 10993. చర్మానికి తగిలేవాటికి సైటోటాక్సిసిటీ (కణాలకు హాని), సెన్సిటైజేషన్ (అలర్జీ), ఇరిటేషన్ (చర్మం మంట) అనే మూడూ సాధారణంగా అడుగుతారు. తాకే సమయం 24 గంటల లోపా, 30 రోజుల లోపా, అంతకు మించా అన్నదాన్ని బట్టి జాబితా పెరుగుతుంది. 'ఈ సిలికోన్ మెడికల్ గ్రేడే' అన్న సరఫరాదారు లేఖ సరిపోదు. మీరు వాడిన జిగురు, రంగు, మౌల్డ్ ఆయిల్ అన్నీ కలిసిన తుది భాగానికే పరీక్ష.

స్టెరిలైజేషన్ సంగతి ముందే తేల్చుకోండి. పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసిన భాగం 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో ముద్దవుతుంది. 25 కిలోగ్రే గామా కిరణాలకు టెఫ్లాన్ పెళుసెక్కుతుంది, మామూలు పాలీప్రొపిలీన్ కూడా అంతే. ఇథిలీన్ ఆక్సైడ్ వాడితే పదార్థంలో మిగిలిపోయిన వాయువు ఎంతో కొలిచి చూపాలి. ప్యాక్ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పడానికి ఏడాది ఆగక్కర్లేదు. 55 డిగ్రీల ఓవెన్‌లో పెడితే, నిల్వ ఉష్ణోగ్రత 25 అనుకున్నప్పుడు 46 రోజులు ఒక ఏడాదికి సమానం. మన గోదాముల వేడికి 30 అనుకుంటే 65 రోజులు పెట్టాలి. రెంటచింతల ఎండాకాలం తెలిసినవాళ్లు రెండో లెక్కే వేసుకుంటారు.

ఏ ప్రమాణమూ గట్టిగా అడగకపోయినా మేము తప్పనిసరి అనే పరీక్ష ఇంకొకటుంది, తుడిచే పరీక్ష. షిఫ్టుకొకసారి తుడిస్తే ఏడాదికి 1,095 సార్లు. పాలీకార్బొనేట్, ఏబీఎస్ డబ్బాలకు స్క్రూ బిగించిన చోట ఒత్తిడి ఉంటుంది. అక్కడ స్పిరిట్, ఇతర డిసిన్ఫెక్టెంట్లు తగిలి తగిలి వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి, వాటిలోంచి తడి లోపలికి పోతుంది. 70 శాతం ఆల్కహాల్‌తోనూ, ఆస్పత్రి వాడే హైపోక్లోరైట్‌తోనూ వెయ్యిసార్లు తుడిచి, ప్రతి వందకూ ఫొటో తీసి ఫైల్లో పెట్టండి.

టెస్టింగుకు విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్ మనవాళ్లకు దగ్గర. ఈఎంసీ, బయోమెటీరియల్, గామా వసతులు అక్కడ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. పదార్థం శరీరానికి సరిపడుతుందో లేదో చూసే బయోకంపాటిబిలిటీ పరీక్షలకు తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థకు పాత పేరుంది. ఎక్కడికి పంపినా, ఫుల్ టెస్టుకు ముందు ఒక పూట ప్రీ-కంప్లయన్స్ (ముందస్తు పరీక్ష) స్లాట్ తీసుకోండి.

జంతువుల మీద పరీక్ష తప్పనిసరా?

శరీరం లోపల పెట్టేవాటికి, రక్తానికి తగిలేవాటికి చాలావరకు అవును. బయట నుంచి కొలిచేవాటికి సాధారణంగా అక్కర్లేదు. సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి ముందు ఉండాలి.

క్లినికల్ ఇన్వెస్టిగేషన్‌కు ఏమేం కావాలి?

ముందు ఒక మాట తేల్చుకోండి. అలాంటి పనికే ఇప్పటికే లైసెన్సున్న పరికరం, అంటే ప్రెడికేట్, ఉంటే దానితో పోల్చి చూపడమే చాలాసార్లు సరిపోతుంది. లేకపోతే ఎండీ-22లో దరఖాస్తు పెట్టి ఎండీ-23 అనుమతి తీసుకోవాలి. రక్తం, మూత్రం వంటి నమూనాలను పరీక్షించే కిట్లకైతే అవి ఎండీ-24, ఎండీ-25. లైసెన్సున్న పరికరంతో కేవలం విద్యాపరంగా చేసే అధ్యయనానికి ఎథిక్స్ కమిటీ అనుమతి చాలన్న వెసులుబాటు ఉంది. మీది లైసెన్సు లేని ప్రోటోటైప్ కాబట్టి అది మీకు వర్తించదు. ఇదే చాలామంది పొరబడే చోటు.

ఎథిక్స్ కమిటీ రిజిస్టరైందో లేదో చూసుకోండి. ఇన్వెస్టిగేషన్ ప్లాన్, పరికరం గురించిన బ్రోషర్, టెస్ట్ రిపోర్టులు, బీమా పాలసీ, సమ్మతి పత్రం సమర్పించాలి. మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు పూర్తవ్వాలి. తర్వాత చేస్తామంటే కుదరదు.

తెలుగు సమ్మతి పత్రం మీద ఒక రోజు వెచ్చించండి. ఇంగ్లిషు పత్రాన్ని యంత్రంతో తర్జుమా చేస్తే 'యాదృచ్ఛికీకరణ', 'ప్రతికూల ఘటన' అంటూ తయారవుతుంది. 'మీకు ఏ పరికరం పెట్టాలో చీటీ తీసినట్టు తేలుస్తాం', 'దీనివల్ల మీకేదైనా ఇబ్బంది వస్తే వైద్యం ఖర్చు మేమే భరిస్తాం', 'మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చు, మీకు అందే వైద్యంలో తేడా ఉండదు' అని రాయండి. కమిటీలోని సామాన్య సభ్యుడు చదివి అర్థమైందంటే పత్రం పాసైనట్టే.

ఎంతమంది రోగులు కావాలి?

వ్యాధిని పట్టుకునే పరికరమనుకుందాం. సెన్సిటివిటీ, అంటే జబ్బు ఉన్నవాళ్లలో అది పట్టుకునేవాళ్ల వాటా, 90 శాతం ఉంటుందని అంచనా, 5 శాతం అటూఇటూగా తేల్చాలని కోరిక. 1.96 వర్గాన్ని 0.9తో, 0.1తో గుణించి 0.05 వర్గంతో భాగిస్తే 139 వస్తుంది. ఇది మొత్తం రోగుల సంఖ్య కాదు, జబ్బు ఉన్నవాళ్ల సంఖ్య. మీ ఓపీలో నూటికి పదిమందికే ఆ జబ్బు ఉంటే దాదాపు 1,390 మందిని చేర్చుకోవాలి. '30 మంది మీద చేశాం' అనే పేపర్లు లైసెన్సు దగ్గర ఎందుకు నిలవవో ఈ లెక్కలోనే ఉంది. ఆ 30 మందితో చేసింది పైలట్, దాని పని అంచనా ఇవ్వడం వరకే.

మాది ఏఐ సాఫ్ట్‌వేర్. పరికరమే లేదు కదా, ఇవన్నీ ఎందుకు?

సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరమే. దానికి ఐఈసీ 62304 ప్రకారం అభివృద్ధి రికార్డులుండాలి. ఇక్కడ తరచూ దొర్లే తప్పు డేటా విభజనలో. కంటి ఫొటోలను ట్రైనింగుకు, టెస్టుకు ఫొటోలవారీగా పంచితే, ఒకే మనిషి కుడి కన్ను ఒకవైపు, ఎడమ కన్ను ఇంకోవైపు పడుతుంది. కచ్చితత్వం 98 శాతం అని వస్తుంది, కొత్త ఆస్పత్రికి వెళ్లగానే కూలిపోతుంది. రోగులవారీగా పంచండి. వేరే ఆస్పత్రి, వేరే కెమెరా నుంచి వచ్చిన డేటాను చివరిదాకా ముట్టుకోకుండా పక్కన పెట్టండి. పరీక్షకు పెట్టిన మోడల్ వెర్షన్‌ను అక్కడితో ఇక మార్చకుండా ఉంచండి. మధ్యలో మెరుగుపరిస్తే ఆ ఫలితాలు పాత మోడల్‌వే అవుతాయి. ఐసీఎంఆర్ 2023లో ఇచ్చిన ఏఐ నైతిక మార్గదర్శకాలను ఎథిక్స్ కమిటీకి వెళ్లకముందే చదవండి.

స్టార్టప్ పెట్టాలా, కంపెనీకి ఇచ్చేయాలా?

శ్రీచిత్ర గుండె కవాటం ఉదాహరణ చూడండి. డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ ఆధ్వర్యంలో పని 1970ల చివర్లో మొదలైంది. మూడు నమూనాలు విఫలమయ్యాయి. వాటిలో ఒకదానికి సఫైర్ స్ఫటికంతో చేసిన డిస్కు విరిగింది. నాలుగోది కోబాల్ట్ మిశ్రమలోహపు చట్రం, అతి ఎక్కువ అణుభారం గల పాలిథీన్ డిస్కుతో నిలిచింది. 1990 డిసెంబరు 6న మొదటిసారి మనిషికి అమర్చారు. ఆ తర్వాత టీటీకే సంస్థ తయారీ చేపట్టింది, ఇప్పటికి లక్షకు పైగా అమర్చారు. యాంత్రిక కవాటానికి ఇప్పటి ప్రమాణం 40 కోట్ల సార్లు తెరుచుకుని మూసుకోవాలంటుంది. నిమిషానికి 72 చొప్పున గుండె పదేళ్లకు పైగా కొట్టుకోవడంతో సమానం. అలాంటి పరీక్షా యంత్రాలు, క్లీన్ రూము, దశాబ్దాల ఓపిక ఉన్న సంస్థ డి క్లాసు పరికరాన్ని ల్యాబ్‌లో పరిపక్వం చేసి కంపెనీకి ఇవ్వగలిగింది.

మీ దగ్గర అవేవీ లేకుండా డి క్లాసు పరికరంతో స్టార్టప్ పెట్టమని మేము సలహా ఇవ్వం. బి క్లాసుకైతే చిన్న జట్టు చాలు. ఏఐసీటీఈ 2019 విధానం ప్రకారం అధ్యాపకులు స్టార్టప్ పెట్టొచ్చు, ఇచ్చిన వసతులకు ప్రతిగా విద్యాసంస్థ 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చు.

కంపెనీకి ఇచ్చేటప్పుడు ఒప్పందంలో రాయల్టీ శాతం చుట్టూ బేరమాడి, 'నికర అమ్మకాలు' అంటే ఏమిటో నిర్వచించకుండా వదిలేస్తారు. డిస్కౌంటు, రవాణా, డీలరు కమీషను అన్నీ తీసేశాక మిగిలేది ఏమీ ఉండకపోవచ్చు. ఇంకో ముఖ్యమైన షరతు, గడువులు. 18 నెలల్లో లైసెన్సు దరఖాస్తు పెట్టకపోతే, 36 నెలల్లో అమ్మకం మొదలుకాకపోతే హక్కు వెనక్కి రావాలి. ఈ షరతు లేకుండా ఆ ఒక్క కంపెనీకే హక్కు (ఎక్స్‌క్లూజివ్) ఇస్తే ఆ పరికరం కంపెనీ అల్మారాలోనే ముసలిదైపోతుంది. ఆ గడువుల అంకెలను మీ పరికరాన్ని బట్టి మార్చుకోండి.

డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

ప్రోటోటైప్‌కు కేంద్ర ప్రభుత్వ నిధి-ప్రయాస్ పథకం కింద 10 లక్షల దాకా, ఆలోచనను రుజువు చేసే దశకు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సంస్థ బైరాక్ ఇచ్చే 'బిగ్' గ్రాంటు కింద 18 నెలలకు 50 లక్షల దాకా వస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లోని హెల్త్‌కేర్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ కేంద్రం, ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలోని సృజన వంటిచోట్ల డబ్బు కంటే విలువైనది వైద్యుల సమయం దొరుకుతుంది. నియంత్రణ సందేహాలకు 2023 డిసెంబరులో మొదలైన మెడ్‌టెక్ మిత్ర వేదిక ఉంది. బడ్జెట్ రాసేటప్పుడు టెస్టింగుకు ఒక రౌండు కాదు, రెండు రౌండ్ల డబ్బు అడగండి. మొదటిసారే పాసయ్యే పరికరాలు తక్కువ.

తయారీ లైసెన్సు ఎవరిస్తారు?

బి క్లాసుకు, స్టెరైల్ చేసే లేదా కొలిచే ఎ క్లాసు పరికరాలకు రాష్ట్ర అధికారి ఎండీ-5 ఇస్తారు. సి, డి క్లాసులకు కేంద్రం ఎండీ-9 ఇస్తుంది. సొంత ప్లాంటు లేకపోతే, లైసెన్సున్న మరొకరి ప్లాంటులో చేయించుకునే లోన్ లైసెన్సు ఉంది, అవి ఎండీ-6, ఎండీ-10. చిన్న జట్లకు ఇదే మేలు.

లైసెన్సు వచ్చింది. ఆస్పత్రులు ఎందుకు కొనడం లేదు?

ప్రభుత్వ ఆస్పత్రికి సూపరింటెండెంట్ మెచ్చుకుంటే సరిపోదు. పెద్ద కొనుగోళ్లు రెండు రాష్ట్రాల్లోనూ వైద్య సేవల, మౌలిక వసతుల సంస్థల టెండర్ల ద్వారా జరుగుతాయి. అక్కడ మూడేళ్ల టర్నోవర్, గతంలో సరఫరా చేసిన అనుభవం అడుగుతారు. కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ఈ రెండింట్లో సడలింపు ఇవ్వొచ్చని కేంద్ర ఆర్థిక నియమాల్లో 173వ నియమం చెబుతుంది. స్పెసిఫికేషన్‌లో అమెరికా యూఎస్ఎఫ్‌డీఏ అనుమతి లేదా యూరప్ సీఈ గుర్తు ఉండాలని రాసి ఉంటే ప్రీ-బిడ్ సమావేశంలోనే లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. టెండరు తెరిచాక చెబితే ఎవరూ వినరు.

ప్రైవేటు ఆస్పత్రి లెక్క వేరు. దీన్ని ఏ బిల్లులో వేయాలి, ప్యాకేజీలోంచి భరించాలా, రోగి అదనంగా కట్టాలా అని అడుగుతారు. ఆరోగ్యశ్రీ వంటి ప్యాకేజీ మారదు. కాబట్టి మీ పరికరం వల్ల ఒక రోజు బెడ్ తగ్గుతుందా, ఒక డిస్పోజబుల్ మిగులుతుందా అన్నది రూపాయల్లో చూపాలి.

కొన్న తర్వాత కూడా మూలన పడేస్తారెందుకు?

కారణాలు చాలావరకు చిన్నవి. ఎలక్ట్రోడో, ప్రోబ్ కవరో అయిపోయింది, స్టోర్స్‌లో దానికి ఇండెంట్ కోడ్ లేదు. శిక్షణ తీసుకున్న నర్సు బదిలీ అయింది. అలారం గంటకు ఇరవైసార్లు మోగితే సౌండ్ తగ్గించేశారు. కేబుల్ విరిగింది, సర్వీసు నంబరు ఎత్తేవాళ్లు లేరు.

ఒప్పందంలో వీటికి జవాబు ఉండాలి. ఆరు నెలల వినియోగ సామగ్రి పరికరంతో పాటే ఇవ్వండి. తెగిపోయే అవకాశం ఉన్న కేబుల్‌ను ప్రతి అయిదు యూనిట్లకు ఒకటి అదనంగా బయోమెడికల్ విభాగంలో ఉంచండి. శిక్షణ మూడు షిఫ్టులకూ విడివిడిగా పెట్టండి. పగలు మీటింగ్ హాల్లో చెప్పింది రాత్రి డ్యూటీకి చేరదు. మాన్యువల్ ఎలాగూ అల్మారాకే పోతుంది కాబట్టి, పరికరానికే అతుక్కునే ఒక తెలుగు కార్డు చేయించండి. నాలుగు బొమ్మలు, నాలుగు వాక్యాలు, కింద ఫోన్ నంబరు. కార్డు కూడా తుడిచే పరీక్షకు నిలవాలి. మొదటి నెల వారానికోసారి వార్డుకు వెళ్లి లాగ్ చూడండి. ఎన్నిసార్లు ఆన్ చేశారో పరికరమే లెక్క పెట్టుకునేలా చేస్తే, 'వాడుతున్నాం సార్' అనే జవాబు మీద ఆధారపడక్కర్లేదు.

పరికరం వల్ల రోగికి ఏదైనా జరిగితే?

ముందు రోగిని చూసుకోవాలి. ఆ తర్వాత పరికరాన్ని ఉన్నది ఉన్నట్టు సీల్ చేయాలి. రీస్టార్ట్ చేసినా, సెట్టింగులు మార్చినా, శుభ్రం చేసినా సాక్ష్యం పోతుంది. దేశంలో మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల వల్ల కలిగే హానిపై నిఘా) కార్యక్రమం 2015 జులై నుంచి నడుస్తోంది, దీన్ని ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ సమన్వయం చేస్తోంది. ఆస్పత్రి దానికి రిపోర్టు చేయొచ్చు, లైసెన్సుదారు తన వంతుగా అధికారులకు చెప్పాలి. ప్రతి యూనిట్ సీరియల్ నంబరు, దానిలో వేసిన విడిభాగాల లాట్ నంబర్లు, ఏ ఆస్పత్రికి ఏ తేదీన పంపారు అన్న పట్టిక మీ దగ్గర ఉంటే, లోపం ఒక లాట్ సెన్సర్లదని తేలిన సాయంత్రానికే ఏయే వార్డులకు ఫోన్ చేయాలో తెలిసిపోతుంది. ఆ పట్టిక లేకపోతే అమ్మిన యూనిట్లన్నీ వెనక్కి పిలవాల్సి వస్తుంది.